స్పోర్ట్స్ కారు కొని షెడ్డులో పెడితే పదేళ్లకు లాభమొస్తుందా? గుత్తిలో కూర్చొని వేసిన లెక్క

2023 జూలైలో అమెరికాలో జరిగిన ఒక వేలంలో, సీల్ కూడా తీయని మొదటి తరం ఐఫోన్ 1,90,372 డాలర్లకు అమ్ముడుపోయింది. 2007లో దాని ధర 499 డాలర్లు. ఆ వార్త వచ్చినప్పటి నుంచి నాకొచ్చే మెసేజ్‌లలో ఒక ప్రశ్న మాత్రం ఆగలేదు: "అన్నా, ఇప్పుడు ఏ ఫోన్ కొని దాచిపెడితే మంచిది?" నా జవాబు ఎప్పుడూ ఒకటే, ఏదీ వద్దు. ఎందుకంటే ఆ వేలంలో పోయింది 4 జీబీ మోడల్. ఆపిల్ దాన్ని రెండు నెలలు అమ్మి ఆపేసింది. కొన్నవాళ్లు దాదాపు అందరూ బాక్సు చింపి వాడేసుకున్నారు. ఎవరో గిఫ్టుగా వచ్చినదాన్ని బీరువాలో పెట్టి మర్చిపోతే మిగిలినవే ఇలా బయటికొస్తాయి. ఈ రోజు దాచిపెట్టే ఉద్దేశంతోనే కొనేవాళ్లు వేలల్లో ఉన్నారు. అందరి దగ్గరా సీల్ ఉన్న బాక్సు ఉంటే దానికి విలువ ఎక్కడి నుంచి వస్తుంది?

సరే, ఫోన్ల సంగతి పక్కన పెడదాం. ఇప్పుడు అదే ప్రశ్న కారు రూపంలో వచ్చింది. అదీ బయటివాళ్ల నుంచి కాదు, మా మేనమామ కొడుకు నుంచి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దసరా అయ్యాక ఫోన్ చేసి, "రేయ్, నువ్వు లెక్కలు బాగా చెప్తావు గదా, ఒకటి చూసి చెప్పు. హైవే పక్కనుండే నా భాగం చేను అమ్మేసి స్పోర్ట్స్ కారు కొంటే ఎట్లుంటాది? పదేళ్లు పెట్టుకుంటే కలెక్టబుల్ అయిపోతాదంట" అన్నాడు. శెనక్కాయ పండిన ఏడాది కంటే ఎండిపోయిన ఏడాదులే ఎక్కువున్న మెట్ట చేను అది. కానీ నలభై నాలుగో నంబరు జాతీయ రహదారికి దగ్గర. ఒకసారి అమ్మితే మళ్లీ ఆ ధరకు, ఆ చోట దొరకదు. కాబట్టి ఈ ఆర్టికల్‌ను మామూలు రివ్యూ కంటే కాస్త జాగ్రత్తగా రాస్తున్నాను.

ఏ కారు గురించి ఈ గోల?

2025 అక్టోబర్‌లో స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ మన దేశానికి వచ్చింది. మొత్తం 100 కార్లు. 2 లీటర్ టర్బో పెట్రోల్, 265 పీఎస్ పవర్, ఎక్స్ షోరూమ్ ధర 49.99 లక్షలు. లాంచ్ కంటే ముందే, బుకింగ్ తెరిచిన నిమిషాల్లోనే అన్నీ అయిపోయాయి. అదే ఏడాది ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ కూడా దాదాపు 53 లక్షలకు వచ్చింది. మొదటి విడత 150 కార్లు, అవీ అంతే వేగంగా పోయాయి. మా బావకు బుకింగ్ దొరకలేదు. ఎవరో బ్రోకర్ "పైన ఇంతిస్తే పేరు మార్పిస్తా" అన్నాడట. అక్కడ మొదలైంది ఈ పదేళ్ల ప్లాను.

వీటిని స్పోర్ట్స్ కార్లు అనొచ్చా అని కొందరు కొట్లాడతారు. లాంబోర్గినీలు, పోర్షేలు ఉండగా సెడాన్‌ను ఆ పేరుతో పిలవడమేంటని. ఆదివారం పొద్దున గుత్తి బైపాస్ దగ్గర టీ కొట్టులో కూర్చుంటే బెంగళూరు నుంచి హైదరాబాద్ వైపు పోయే సూపర్ కార్లు కూడా అప్పుడప్పుడు కనబడతాయి. కనబడే ముందు వినబడతాయి. కానీ చేను అమ్మి కొనాలనుకునే మనిషి చేతికి అందేది ఈ యాభై లక్షల తరగతే. లెక్క మాత్రం రెండిటికీ ఒకటే.

ముందు కాగితం మీద లెక్క

కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ టాక్స్ 18 శాతం, దాని మీద సెస్సు. 50 లక్షల కారుకు టాక్సు, సెస్సు కలిపి పది లక్షల దగ్గరికి వస్తుంది. ఇన్సూరెన్స్, మిగతా ఖర్చులు కలిపితే రోడ్డు మీదికి వచ్చేసరికి సుమారు 62 లక్షలు. ఇదే 62 లక్షలు 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే పదేళ్లకు 1 కోటి 20 లక్షలు దాటుతుంది. అంటే ఈ కారు పదేళ్ల తర్వాత కోటీ ఇరవై లక్షలకు అమ్ముడుపోతే అది "లాభం" కాదు, బ్యాంకు వడ్డీతో సమానం అంతే. దాని మీద ఏటా ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లు, బ్యాటరీ, పెట్టుకోవడానికి చోటు.

ఇన్సూరెన్స్ దగ్గర ఇంకో చిక్కుంది. చాలామంది గమనించరు. మామూలు పాలసీలో కారు విలువ ఏటా ఒక పట్టిక ప్రకారం తగ్గుతుంది. రెండో ఏడాదికి 20 శాతం కోత, నాలుగు దాటి ఐదేళ్ల లోపు 50 శాతం కోత. మీ కారు "అరుదైనది" అని ఆ పట్టికకు తెలియదు. నాలుగున్నరేళ్లకు షార్ట్ సర్క్యూట్ అయి కాలిపోతే, బయట మార్కెట్లో అది 55 లక్షలు పలుకుతున్నా మీ చేతికి వచ్చేది దాదాపు సగం ధరే. ఇన్వెస్ట్‌మెంట్ అని పిలిచే వస్తువుకు ఇది మామూలు లోటు కాదు. బంగారం లాకరులో పెడితే ప్రతి ఏడాదీ ఎవడూ వచ్చి పది శాతం గీకి పోడు కదా.

పన్నుకు రేటు పెరగదు

విదేశాల్లో జరిగే వేలాల వార్తలు చదివి ఇక్కడ లెక్కేసుకునేవాళ్లు మర్చిపోయే ముఖ్యమైన విషయం ఇది. పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన కార్ల మీద మన దేశంలో సుంకం అన్నీ కలిపి 110 శాతం దాకా ఉంది. దాని మీద జీఎస్టీ. దాని మీద రాష్ట్రం లైఫ్ టాక్స్. అంటే మీరు కట్టిన సొమ్ములో కారు ఖరీదు కంటే పన్నుల ఖరీదే ఎక్కువ. కారు అరుదైతే కారు విలువ పెరుగుతుంది. కట్టిన పన్ను విలువ ఎలా పెరుగుతుంది?

పైగా ఆ పన్ను తగ్గితే? 2025 సెప్టెంబర్ 22న అదే జరిగింది. పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం దాకా ఉన్నది ఒక్కసారిగా 40 శాతం అయింది. కొత్త కారు చవకయ్యింది, దాంతోపాటే ముందు వారం కొన్న కారు రేటూ దిగింది. 2025 జూలైలో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. కోటా పరిమితిలో అక్కడి కార్ల మీద వంద శాతానికి పైగా ఉన్న సుంకం దశలవారీగా 10 శాతానికి దిగాలని అందులో ఉంది. యూరప్ కార్ల మీదా సుంకం తగ్గించే మాటలే నడిచాయి. పదేళ్లు దాచిపెట్టాలనుకునేవాడు ముందు ఈ దారి ఎటు పోతోందో చూడాలి. ఇంకొకటి, అమెరికాలోనో జపాన్‌లోనో మంచి రేటు ఉందని మన కారును అక్కడికి పంపి అమ్ముకోవడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. మనది మూత పెట్టిన చెరువు. ఎన్ని చేపలున్నాయో అన్నే.

న్యాయంగా అవతలి వాదన కూడా చెప్పాలి. 2017లో ఆక్టావియా ఆర్‌ఎస్ 230 ధర 24.62 లక్షలు. 2020లో ఆర్‌ఎస్ 245 వచ్చినప్పుడు 35.99 లక్షలు, 200 కార్లు. ఇప్పుడు 49.99 లక్షలు. కొత్తది ఇంత పైకి పోతుంటే పాతదాని రేటు కిందికి జారకుండా ఆగుతుంది. ఈ కార్లు మామూలు సెడాన్ల కంటే నిదానంగా విలువ కోల్పోతాయి, అది నిజమే. కానీ నిదానంగా తగ్గడం వేరు, పెరగడం వేరు.

నిమిషాల్లో అమ్ముడుపోయిందంటే మంచి గుర్తేనా?

నేనైతే కాదంటాను. కలెక్టబుల్ అయిన బండ్ల చరిత్ర చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. వాటిలో చాలావాటిని కొత్తలో ఎవరూ పట్టించుకోలేదు.

మనకు బాగా తెలిసిన రాజ్‌దూత్ 350నే తీసుకోండి. 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ యమహా ఆర్‌డీ 350ని ఆ పేరుతో తెచ్చింది. హై టార్క్ మోడల్ 30.5 హార్స్‌పవర్. ఆ రోజుల్లో మన రోడ్ల మీద అది రాకెట్టే. కానీ పెట్రోలు తాగేస్తుందని, స్పేర్ పార్టులు దొరకవని జనం వెనక్కి తగ్గారు. ఆ దశాబ్దం చివరికి ఆగిపోయింది. ఉన్నవాటిలో చాలా బండ్లు విడి భాగాలుగా, ఇనప సామాను కొట్లకు పోయాయి. అలా పోగా మిగిలినవాటికే ఇప్పుడు లక్షలు. ఆర్‌ఎక్స్ 100ది ఇంకో దారి. 1985 నుంచి 1996 దాకా బోలెడన్ని అమ్ముడుపోయాయి, అరుదైనది కానే కాదు. అయినా బాగా చేయించిన బండికి లక్ష దాటి అడుగుతున్నారు. 2018లో దాని పేరుతో తెలుగు సినిమా వచ్చింది, అది ఆడాక అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. ఎందుకంటే 1990లో పదిహేనేళ్ల వయసులో ఆ శబ్దం విని వెనక్కి తిరిగి చూసిన పిల్లాడికి ఇప్పుడు యాభై. చేతిలో డబ్బుంది, పిల్లలు సెటిలయ్యారు. విలువ పుట్టేది ఆ జ్ఞాపకం దగ్గర.

ప్రపంచంలోనూ ఇదే కథ. లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ 500 కార్లే చేశారు, ధర 3,75,000 డాలర్లు. అప్పట్లో ఒక లెక్సస్‌కు అంత పెట్టడమేంటని జనం పక్కకు పోయారు, కొన్ని కార్లు ఏళ్ల తరబడి షోరూముల్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు అది కొత్త ధరను ఎప్పుడో దాటేసింది. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ మొదటి సినిమాలో నడిపిన 1994 నాటి నారింజ రంగు టయోటా సుప్రా 2021 వేలంలో 5,50,000 డాలర్లకు పోయింది. అక్కడ కొన్నది ఇంజన్నా, సినిమానా?

దీనికి ఎదురుగా పోర్షే 911 ఆర్ ఉంది. 2016లో 991 కార్లు మాత్రమే. మాన్యువల్ గేరుబాక్సు, 500 హార్స్‌పవర్. డెలివరీ తీసుకోకముందే రెండింతలు, మూడింతలకు పైగా అడిగారు. మరుసటి ఏడాదే పోర్షే జీటీ3 మోడల్‌లో మళ్లీ మాన్యువల్ గేర్లు పెట్టి అమ్మడం మొదలెట్టింది. దాంతో 911 ఆర్ రేటు గాలి తీసిన బెలూన్ లాగా దిగింది. కంపెనీ చేతిలో ఉన్న అరుదుతనాన్ని నమ్ముకుంటే ఇదే గతి. వంద అన్నవాళ్లు వచ్చే ఏడాది ఇంకో రెండు వందలు తెస్తే మీరేం చేస్తారు? మన దేశంలో 2018 నుంచి ఒక వెసులుబాటు ఉంది. యూరప్, జపాన్ ప్రమాణాలు దాటిన కార్లను ఏటా 2,500 దాకా ఇక్కడ మళ్లీ పూర్తి పరీక్షలు లేకుండానే తెచ్చుకోవచ్చు. ఈ లిమిటెడ్ ఎడిషన్లన్నీ ఆ కిటికీ గుండానే వస్తున్నాయి. ఆ కిటికీ ఇంకా తెరిచే ఉంది.

కంపెనీలకు కూడా ఈ బేరగాళ్లంటే పడదు. ఫోర్డ్ జీటీ కొన్నవాళ్లతో రెండేళ్ల దాకా అమ్మనని ముందే రాయించుకున్నారు. రెజ్లర్ జాన్ సీనా మాట తప్పి అమ్మేశాడని 2017లో ఫోర్డ్ కోర్టుకే పోయింది. చివరికి రాజీ పడ్డారు.

అరుదు అయితే చాలదని చెప్పడానికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. శాన్ మోటార్స్ తెచ్చిన శాన్ స్టార్మ్ గుర్తుందా? రెండు సీట్లు, పైకప్పు తీసే బండి, 1.2 లీటర్ రెనో ఇంజన్. చాలా తక్కువ తయారయ్యాయి. కానీ దాని కోసం ఎదురుచూసేవాళ్లు కూడా తక్కువే. 2012 ఆటో ఎక్స్‌పోలో మెరిసిన డీసీ అవంతి కథ ఇంకా చేదు. 2020 డిసెంబర్‌లో ఆ కంపెనీ వ్యవస్థాపకుణ్ని ముంబై పోలీసులు అరెస్టు చేశారు. ఒకే కారు మీద ఒకటికి మించి అప్పులు పుట్టించారన్నది ఆరోపణ. పాత స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు, అప్పు క్లియరెన్సు ఎందుకు చూడాలో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన ఏరియా: ఎలక్ట్రానిక్స్

ఇది గాడ్జెట్ల సైటు కాబట్టి అసలు గుండెకాయ ఇక్కడే ఉందంటాను. ఇప్పటి స్పోర్ట్స్ కారు సగం ఇంజన్, సగం ఫోన్. ఐదేళ్ల పాత ఫోన్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు.

టెస్లా ఉదంతం చూడండి. మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ పాత కార్లలో స్క్రీన్ నడిపే కంప్యూటర్‌కు 8 జీబీ ఫ్లాష్ మెమరీ పెట్టారు. ఫోన్లలో ఉండే ఈఎంఎంసీ రకమే. ఫ్లాష్ మెమరీకి ఇన్నిసార్లు రాయొచ్చు అని ఒక హద్దుంటుంది. కారు రోజూ లాగ్స్ రాసీ రాసీ ఆ హద్దు దాటించింది. చిప్పు చచ్చిపోతే స్క్రీన్ పోయింది. స్క్రీన్‌తో పాటు వెనక కెమెరా, అద్దాల ఆవిరి తుడిచే కంట్రోలు పోయాయి. 2021లో సుమారు 1,35,000 కార్లను వెనక్కి పిలిచారు. ఇంజన్ బాగుంది, మోటార్ బాగుంది, ఒక చిన్న చిప్పు కారును పక్కన కూర్చోబెట్టింది. 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్కులు మూసేసినప్పుడు కూడా ఎన్నో కార్ల కనెక్టెడ్ ఫీచర్లు ఒక్క దెబ్బకు ఆగిపోయాయి. ఇప్పటి కార్లలో ఉన్న 4జీ సిమ్ 2045లో పనిచేస్తుందని ఎవరైనా రాసిస్తారా?

దీనికి ఎదురు ఉదాహరణ మెక్‌లారెన్ ఎఫ్1. 1990లలో 106 కార్లు చేశారు. 2021లో ఒకటి రెండు కోట్ల డాలర్లకు పైగా పలికింది. దాన్ని సర్వీసు చేయాలంటే ఏళ్ల తరబడి ఒకటే సాధనం: కాంపాక్ ఎల్‌టీఈ 5280 అనే పాత ల్యాప్‌టాప్. అందులో వేసే ప్రత్యేకమైన కార్డు ఇంకే కంప్యూటర్లోనూ పట్టదు. మెక్‌లారెన్ వాళ్లే పాత ల్యాప్‌టాప్‌లు వెతికి కొనుక్కోవాల్సి వచ్చింది. రెండు కోట్ల డాలర్ల కారుకు ఎవరైనా ఆ తిప్పలు పడతారు. వంద ఆక్టావియాల కోసం 2040లో డాష్‌బోర్డు డిస్‌ప్లేకు సాఫ్ట్‌వేర్ ఎవరు రాస్తారు?

మా వీధిలో గుత్తి లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు. ఈ మాట ఆయనతో అంటే నవ్వినాడు. "ఆల్కో ఇంజను చెడిపోతే చెవి పెట్టి ఇంటే తెలిసిపోతాండె నాయనా. స్పేర్ లేకపోతే లేత్ మీద తిప్పుకుంటాంటిమి. ఇప్పుడొచ్చేటివి స్క్రీను చెప్పల్ల, స్క్రీనుకు ఇంకో స్క్రీను చెప్పల్ల" అన్నాడు. ఆర్‌ఎక్స్ 100 ఈ రోజుకీ బతకడానికి కారణం అదే. పిస్టన్, కార్బొరేటర్, ఒక పానా. గుత్తిలోనే చేయించుకోవచ్చు.

ఎలక్ట్రిక్ హైపర్ కార్ల సంగతి రిమాక్ కంపెనీ అధిపతి మాటే రిమాకే 2024లో చెప్పేశాడు. ఆయన నెవెరా కారు వేగంలో పెట్రోల్ కార్లను తలదన్నుతుంది. అయినా కోటీశ్వరులు దాని వెంట పడలేదు. ఆయన ఇచ్చిన పోలిక వాచీలది. ఆపిల్ వాచ్ చేసే పనులు ఖరీదైన మెకానికల్ వాచీ చేయలేదు, అయినా ఆపిల్ వాచ్‌కు రెండు లక్షల డాలర్లు ఎవరూ పెట్టరని. కారు తయారుచేసినవాడే ఈ మాట అన్నాక మనం ఇంక వాదించేదేముంది.

గుత్తిలో దాచిపెడితే?

మా బావ ప్లానులో ఒక్క మాట మాత్రం తెలివైనది. "బెంగళూరులో చోటు లేదు, ఊర్లో షెడ్డు ఖాళీగా ఉంది గదా, గాలి పొడిగా ఉంటాది, తుప్పు పట్టదు" అన్నాడు. నిజమే. అనంతపురం జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే. అమెరికా వాళ్లు పాత విమానాలను అరిజోనా ఎడారిలో వరసగా నిలబెట్టేది ఈ పొడి గాలి కోసమే. పాత కార్ల బజార్లో అక్కడి కార్లకు ప్రత్యేకంగా గిరాకీ ఉంటుంది, అడుగున తుప్పు ఉండదని. మనల్ని చంపే కరువు ఇనుముకు మాత్రం మేలు చేస్తుంది.

కానీ ఇనుము ఒక్కటే కారు కాదు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు లోపల ఎంత వేడి ఉంటుందో ఇక్కడివాళ్లకు తెలుసు. రబ్బరు సీళ్లు గట్టిపడి పగులుతాయి, డాష్‌బోర్డు మీద జిగురు వదిలేస్తుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. కారు తాళం వేసి పెట్టినా లోపలి కంప్యూటర్లు కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. మామూలు 12 వోల్టుల బ్యాటరీ వారాల్లో దిగిపోతుంది. అన్నిటికంటే పెద్ద శత్రువు ఎలుక. చేలల్లో పంట లేని కాలంలో అవి ఇళ్ల మీద పడతాయి. వైరింగు కొరికితే ఆ జాతి కారుకు అయ్యే బిల్లు చూసి మీరు కూర్చున్న చోటే ఉండిపోతారు.

కాగితాలు, నంబరు ప్లేట్లు

మన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ హోదా. 2021లో తెచ్చిన నియమం ఇది, "వీఏ" సిరీస్ నంబరు ఇస్తారు. 2025లో కొన్న కారుకు ఆ హోదా వచ్చేది 2075లో. అంతవరకు అది చట్టం దృష్టిలో పాత బండి మాత్రమే. 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఇంపోర్టెడ్ కారుకు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 40,000 రూపాయలు. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 80,000. ఫిట్‌నెస్ వేరు. ఢిల్లీ చుట్టుపక్కల పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్ల మీద ఎన్ని గొడవలు నడిచాయో చూశాం. ఆ గాలి దక్షిణాదికి రాదని చెప్పలేం.

సొంతానికి వాడుకునే కారు అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు, అది ఒక సుఖం. కానీ నష్టమొస్తే దాన్ని చూపించుకోవడానికీ ఉండదు. అమ్మకానికే కొన్నానంటే లెక్క మారిపోతుంది, అప్పుడు మీ ఆడిటర్‌ను అడగాల్సిందే.

తమాషా ఏంటంటే, మన తెలుగువాళ్ల దగ్గర కారు కంటే నంబరుకే గిరాకీ. 2024లో హైదరాబాద్‌లో 9999 నంబరుకు వేలంలో 25 లక్షలకు పైగా పెట్టారు. ఒక మంచి కొత్త కారు వచ్చే డబ్బు. నాకైతే పాత ఏపీ 02 ప్లేటు చూస్తేనే మనసు లాగుతుంది. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 చేశాక అనంతపురం బండి ఏదో, అనకాపల్లి బండి ఏదో తెలియకుండా పోయింది. ఏపీ 02 ప్లేటుతో, ఒకే ఓనరు చేతిలో ఉన్న పాత జిప్సీయో కాంటెస్సాయో ఎక్కడైనా నిలబడి ఉంటే, దాని ఓనరు దగ్గర ఆగి మాట్లాడండి. యాభై లక్షల కొత్త కారు కంటే దాని మీదే నాకు నమ్మకం ఎక్కువ.

మరి ఏదీ పెరగదా?

పెరిగేవి ఉంటాయి. నన్ను పట్టుబట్టి అడిగితే మూడు పేర్లు చెప్తాను, మూడూ ఇప్పటికే ఆగిపోయినవి. 2016 చివర్లో 25.65 లక్షలకు వచ్చిన ఫోక్స్‌వాగన్ పోలో జీటీఐ, మూడు తలుపులు, 192 పీఎస్. అమ్ముడుపోక మరుసటి ఏడాది 20 లక్షల లోపుకు దించారు. అప్పుడు నవ్వినవాళ్లే ఇప్పుడు వెతుకుతున్నారు. 2015 నాటి అబార్త్ పుంటో, పది లక్షల లోపు ధరకు 145 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు. మూడోది పెద్ద ఇంజన్ ఉన్న 2016 ఫోర్డ్ మస్టాంగ్, 5 లీటర్ల వీ8. టర్బో, హైబ్రిడ్ ఏదీ లేని ఆ రకం ఇంజన్ మళ్లీ మామూలుగా దొరికే కాలం కాదు. వీటిలో కూడా ట్యూనింగ్ చేయించినవి, రంగు మార్పించినవి వదిలేయండి. సర్వీసు పుస్తకం, రెండు తాళాలు, కంపెనీ ఇచ్చిన టూల్ కిట్టు, ఒరిజినల్ మ్యూజిక్ సిస్టమ్ ఉన్నదే చూడండి. ఫోన్‌కు బాక్సు ఎలాగో దీనికి ఇవి అలాగ. పెరిగినా పోలోకు బ్యాంకు వడ్డీని దాటేంత వస్తుందని మాత్రం నేను రాసివ్వను.

లెక్కంతా చెప్పాక మా బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే కారు వద్దంటావా?" అన్నాడు. "కారు వద్దనలేదు బావా, చేను అమ్మి వద్దంటాండా. నీ జీతంలో ఈఎంఐ కట్టగలిగితే కొని నడుపు, ఆనందపడు, ఖర్చని రాసుకో" అన్నాను. వాళ్ల నాయన పక్కనుంచి, "చేను మాట ఎత్తితే ఇంటికి రావద్దని చెప్పు వానికి" అన్నాడు. చేను అలాగే ఉంది. బ్రోకర్‌కు ఫోన్ చేయడం మానేశాడు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ అబార్త్ పుంటోల కోసం వెతుకుతున్నాడు, వారానికి రెండు లింకులు పంపుతున్నాడు.

ఇప్పటికే ఇలాంటి కారు ఉండి, ఊర్లో పెట్టుకున్నవాళ్లకు ఒక పని చెప్పి ముగిస్తాను. 2025 నుంచి మన బంకుల్లో వచ్చేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. ఇథనాల్ గాల్లోని తేమను లాక్కుంటుంది. పాత కార్ల రబ్బరు పైపులు, సీళ్లు దానికోసం చేసినవి కావు. నెలల తరబడి అదే పెట్రోలుతో నిలబెట్టొద్దు. రెండు వారాలకోసారి ఇంజన్ బాగా వేడెక్కేదాకా, కనీసం తాడిపత్రి రోడ్డులో పోయి వచ్చేంత దూరం నడపండి. మిగతా రోజుల్లో బ్యాటరీకి ట్రికిల్ ఛార్జర్ తగిలించి ఉంచండి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు చూడండి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటితే గాట్లు ఎంత బాగున్నా మార్చేయాల్సిందే. బానెట్ కింద ఎలుకల మందు కాదు, ఇనుప జాలీ పెట్టించండి. మందు తిన్న ఎలుక ఏసీ పైపులోనే చచ్చిపోతుంది.